నరంలేని నాలుక

నేను తప్పుగా చెప్పిన ఒక్క మాట వల్ల ఒక మనిషి కుడిచేతి మూడు వేళ్ళు చచ్చిపోయాయి. చచ్చిపోవడమంటే తెగి పడిపోవడం కాదు. చేతికే ఉన్నాయి, వెచ్చగానే ఉన్నాయి, గోళ్ళు పెరుగుతూనే ఉన్నాయి. అవి అక్కడున్న సంగతి అతనికి తెలియదు, అంతే. తప్పు నాదని నాకు తెలియడానికి ఇంచుమించు రెండు నెలలు పట్టింది. తెలిసినప్పటి నుంచీ నా చేతుల్ని నేను మామూలుగా చూసుకోలేకపోతున్నాను.

నేను ఖతార్ వచ్చి పదకొండేళ్ళయింది. అల్ రయ్యాన్‌లో ఒక లైబ్రరీలో, పాత పుస్తకాల విభాగంలో పని. మా ఆయన ఉద్యోగం దుఖాన్‌లో. ఆదివారం తెల్లారగట్ల వెళ్తే గురువారం సాయంత్రానికి ఇల్లు చేరతాడు. మధ్యలో ఫ్లాట్‌లో నేనూ, ఏసీ చప్పుడూ. ఏం పని చేస్తావని బంధువులు ఫోన్లో అడిగితే పుస్తకాలకు దుమ్ము దులుపుతానని చెబుతాను. వాళ్ళు వేళాకోళం అనుకుంటారు గానీ నిజంగా అంతే. మేకవెంట్రుకల కుంచెతో ఒక్కో పుట దులపాలి, చిరిగిన చోట పల్చటి కాయితం అతికించాలి, గదిలో తేమ ఎంతుందో రోజుకు రెండుసార్లు రాసిపెట్టాలి. మాట్లాడే పని లేదు, అది నాకు హాయి.

మా విభాగానికి పెద్ద ఒక ఇటలీ ఆవిడ. అరవై దాటినా మెట్లెక్కడంలో నన్ను ఓడిస్తుంది. ఆ ఏడు ఆవిడ ఒక ప్రదర్శన తలపెట్టింది. ఐదొందల ఏళ్ళ కిందట, పునరుజ్జీవన కాలం అని మనం పరీక్షల కోసం బట్టీపట్టిన రోజుల్లో, మనిషి ఒంట్లో నరాలు ఏం చేస్తాయని వైద్యులూ తత్వవేత్తలూ అనుకున్నారో చూపించే పుస్తకాలు. పక్కనే అంతకు ముందరి అరబ్బీ వైద్య గ్రంథాలు, ఎందుకంటే వీళ్ళకు ఓనమాలు దిద్దించింది వాళ్ళే. అన్నిటికంటే పెద్ద పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. చర్మం లేదు, కండ లేదు, ఎముక లేదు. నెత్తి నుంచి కాలివేళ్ళ దాకా నరాలు మాత్రం గీశారు. ఆ నరాలే మనిషిలా నిలబడి ఉన్నాయి. ముఖం ఉండాల్సిన చోట ఖాళీ. ఆ పుట దులిపే రోజుల్లో నేను కుంచెను ఆ ఖాళీ వైపు పోనిచ్చేదాన్ని కాదు, ఎందుకో నాకే తెలీదు.

అద్దాల పెట్టెలు మోయడానికి, తుడవడానికి ఒక కాంట్రాక్టు కంపెనీ నుంచి మనుషులు వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒకాయనది జగిత్యాల దగ్గర పల్లె. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. పదహారేళ్ళుగా గల్ఫ్‌లోనే ఉన్నాడు, ఇంటి దగ్గర వాళ్ళు ఇప్పటికీ దుబాయ్‌లో ఉన్నాడనే చెబుతారట. ఇదివరకు కరెంటు పనివాళ్ళ దగ్గర తీగెలు లాగేవాడు. నేను అన్నా అనేదాన్ని, ఆయన మేడం అనేవాడు. ఆ బొమ్మను మొదటిసారి చూసినప్పుడు చీపురు పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"గీయన ఎవలు మేడం?"

"ఎవరూ కాదన్నా. మనిషిలో ఉండే నరాలు."

"చెట్టు ఏర్ల లెక్క ఉన్నయి. మనిషిని వట్టి గుంజితె గిట్లనే ఊడొస్తడా?"

ఆ మాట పెద్దావిడకు ఇంగ్లీషులో చెబితే ఆవిడ నవ్వలేదు. ఆ బొమ్మ గీసినవాళ్ళు కూడా ఇంచుమించు అదే చేశారని చెప్పింది.

ఆవిడకు చెప్పడం ఇష్టం, నాకు వినడం ఇష్టం. పనిచేసుకుంటూ ఆ కాలపు మాటలన్నీ చెప్పేది. గుండెలో కాగిన రక్తం నుంచి సన్నని ఆవిరి ఒకటి పుడుతుందట. అది మెదడుకెక్కి ఇంకా పల్చబడుతుందట. మెదడులో మూడు గదులు. ముందు గదిలో కన్నూ చెవీ తెచ్చినవన్నీ చేరి బొమ్మలు కడతాయి, నడిమి గదిలో ఆలోచన, వెనక గదిలో జ్ఞాపకం. ఆ గదుల్లోంచి ఆవిరి నరాల్లోకి దిగుతుంది. నరాలంటే బోలుగా ఉండే గొట్టాలు. వేలు కదలాలంటే ఆవిరి అక్కడికి వెళ్ళాలి, వేలికి నిప్పు తగిలితే ఆ కబురు ఆవిరే వెనక్కి తేవాలి. ఆవిడ దాన్ని స్పిరిట్ అనేది. మనకు ఆ మాటంటే దయ్యమో, దెబ్బకు రాసే మందో. నేను నవ్వితే ఆవిడకు కోపం వచ్చేది.

తత్వవేత్తలు ఇక్కడితో ఆగలేదు. ఆత్మకు ఒళ్ళు లేదు, ఒంటికి ఆత్మ మాట తెలీదు, మరి ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదిరిందన్నది వాళ్ళ బాధ. అందుకని ఆ ఆవిరిని మధ్యలో నిలబెట్టారు. అది పూర్తిగా ఒళ్ళూ కాదు, పూర్తిగా ఆత్మా కాదు. అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసేది అదొక్కటే. ఆ తర్వాత కొందరు నరాలను అడ్డంగా కోసి గొట్టం కోసం వెతికారట. కనబడలేదని ఒప్పుకుంటూ రాసినవాళ్ళున్నారు, కనబడకపోయినా ఉందని రాసినవాళ్ళున్నారు.

నాకు అదంతా వింటే మన దుబాసీలు గుర్తొచ్చారు. రెండు భాషల మధ్య నిలబడే మనిషిని పూర్వం అలాగే పిలిచేవారు. ఈ దేశంలో నేనూ ఒక దుబాసీనే. ఆస్పత్రికి పోవాల్సిన తెలుగు మనిషి ఎవరున్నా ఆ నోటా ఈ నోటా నా నంబరు దొరికేది. రాయలసీమ డ్రైవర్ల నడుం నొప్పులు, గోదావరి వైపు నుంచి ఇళ్ళలో పనికి వచ్చిన ఆడవాళ్ళ కడుపు నొప్పులు, అన్నీ ఇంగ్లీషులోకి దాటించాను. సేవ అని పైకి చెప్పుకునేదాన్ని గానీ లోపల గర్వమే ఎక్కువ. నేను లేకపోతే వీళ్ళ గతేమిటి అనుకునేదాన్ని.

ఏప్రిల్ చివర్లో, ప్రదర్శనకు పెట్టెలు సర్దుతుండగా, పెద్ద పుస్తకం పెట్టె మీది అద్దం మూత అంచు విరిగింది. జగిత్యాల ఆయన దాన్ని కింద పడనివ్వకుండా పట్టుకున్నాడు. కుడి మణికట్టు లోపలి వైపు తెగింది. చప్పుడు వినగానే అందరం పుస్తకం వైపు చూశాం. నేనూ పుస్తకం వైపే చూశాను. దానికేమీ కాలేదని తెలిశాకే తల తిప్పాను. ఆయన నేల మీద కూర్చుని, రక్తం పుస్తకం వైపు పోకుండా చేతిని ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

ఆస్పత్రికి నేనే వెంట వెళ్ళాను. డాక్టరు చిన్నవాడు, మంచివాడే, అలిసిపోయి ఉన్నాడు. ఏమైందని ఇంగ్లీషులో అడిగాడు. నేను తెలుగులో అడిగాను.

"నరం తెగింది మేడం," అన్నాడు ఆయన. "ఏళ్ళు నాయి గానట్టున్నయి."

నేను డాక్టరు వైపు తిరిగి, వెయిన్ తెగిందంటున్నాడు, బాగా భయపడుతున్నాడు అని చెప్పాను.

అంతే నేను చేసింది. మా వైపు సెలైన్ పెట్టే నర్సు రక్తనాళం దొరక్కపోతే 'నరం దొరకట్లేదు' అంటుంది. ఆ నరమే నా నోటికి వచ్చింది. ఇక వేళ్ళు తనవి కానట్టున్నాయన్న మాట నాకు మాటలా వినపడలేదు, రక్తం చూసిన మనిషి కలవరంలా వినపడింది. అందుకని దాన్ని భయం అని ఒక్క ముక్కలో తేల్చేశాను. డాక్టరు వేళ్ళు కదపమన్నాడు, కదిలాయి. గోరు నొక్కి చూశాడు, ఎర్రదనం తిరిగి వచ్చింది. రక్తం బాగానే ఆడుతోందని ఏడు కుట్లు వేసి పంపించాడు. దారిలో నేను ఆయనకు కొబ్బరి బొండం తాగించి, ఏమీ కాలేదు, వెయిన్ మాత్రమే తెగింది, అదే అతుక్కుంటుందని ధైర్యం చెప్పాను. ఆయన నా ముఖంలోకి కొంచెంసేపు చూసి తలాడించాడు.

రెండు వారాలకు డ్యూటీలోకి వచ్చాడు. మొదట తేడా కనిపెట్టింది మనిషి కాదు, హాజరు వేసే యంత్రం. పొద్దున్నే అందరూ దాని మీద కుడి చూపుడువేలు ఆనించాలి. ఆయన ఆనిస్తే ఎర్ర దీపం వెలిగేది. తుడుచుకుని ఆనించినా, ఊది ఆనించినా ఎర్ర దీపమే.

"మిషిన్ నన్ను గుర్తువడతలేదు మేడం," అన్నాడు నాతో, నవ్వుతూ. "గీ ఏలు ఎవనిదో అంటాంది."

వాళ్ళ సూపర్‌వైజర్ చేత్తో హాజరు రాసుకునేవాడు గానీ మనసులో పెట్టుకున్నాడు. ఆ పైన కాయితపు కప్పులు ఆయన చేతిలోంచి జారిపోవడం మొదలైంది. తాళంచెవి పట్టుకున్నాననుకుని వట్టి చెయ్యి తలుపు మీద తిప్పేవాడు. ఒకరోజు చూపుడువేలి మీద పెద్ద బొబ్బ కనబడింది. ఎప్పుడు కాలిందన్నా అంటే, చాయ్ గిన్నె అంచు కావచ్చు, తెల్వలే అన్నాడు. గాయం మానే రోజుల్లో అలాగే ఉంటుంది, కంగారుపడకు అని నేనే చెప్పాను. నరంలేని నాలుక ఎన్నయినా మాట్లాడుతుందంటారు. నా నాలుకకు అప్పుడు సత్తువ ఎక్కువ.

పనివాళ్ళుండే క్యాంపులో తోటివాళ్ళు ఇంకోలా అనుకున్నారు. ఆ బొమ్మలో ఉన్నాయన నీ నరాలు గుంజుకున్నాడన్నారట. ఆ మాట చెప్పి ఆయన నవ్వాడు గానీ, ఆ పెట్టె తుడవడం మాత్రం మానేశాడు. అటు వెళ్ళాల్సొస్తే గోడ పక్క నుంచి, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని వెళ్ళేవాడు. నరుడి కంటికి నల్లరాళ్ళు పగులుతాయని మా దగ్గర సామెత ఉందని నేను పెద్దావిడకు చెప్పాను, ఏదో సరదాకి. ఆవిడ కళ్ళద్దాలు తీసేసి, ఆ కాలపు తత్వవేత్తలు దీన్ని కూడా ఆవిరితోనే విడమరిచారంది. చూసేవాడి కంట్లోంచి పల్చటి ఆవిరి బయటికి వచ్చి, చూడబడేవాడి ఒంట్లో దూరి, నరాల్లో నడిచే ఆవిరిని పాడుచేస్తుందట. ఆ సాయంత్రం గది తాళం వేస్తూ ఆ పెట్టె వైపు చూడకుండా ఉండలేకపోయాను. కళ్ళే లేని బొమ్మ కదా, ఎలా చూస్తుంది అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

జూన్‌లో పెద్దావిడకు మంచి బుద్ధి ఒకటి పుట్టింది. ఇక్కడ పనిచేసేవాళ్ళ భాషల్లో కూడా ప్రదర్శన గురించి ఒక చిన్న కరపత్రం వేద్దామంది. తెలుగు నా వంతు. ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. పాతకాలపు వైద్యులకు నర్వ్, వెయిన్, టెండన్ ఒకదానికొకటి వేరని తెలియడానికి చాలాకాలం పట్టింది, గ్రీకుల భాషలో నరానికీ, కండను ఎముకకు కట్టే తాడుకూ, వింటినారికీ ఒకటే మాట ఉండేది, అని దాని సారాంశం. తెలుగులో రాశాను. పాతకాలపు వైద్యులకు నరానికీ, నరానికీ, నరానికీ తేడా తెలియదు అని వచ్చింది. పగలబడి నవ్వాను. పుస్తకాల్లో నాడి, సిర, స్నాయువు అని ఉన్నాయి నిజమే. సిర అంటే ఏమిటో క్లాసులో బట్టీపట్టిన నేనే మర్చిపోయాను. నాడి అంటే జ్వరం వస్తే చెయ్యి పట్టుకుని చూసేది. స్నాయువు అనే మాట నోటితో పలికిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. మెడ పట్టేస్తే నరమే, సూది గుచ్చితే నరమే, ఒళ్ళు జివ్వుమన్నా నరమే.

నా నవ్వు పూర్తికాలేదు, తలుపు దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు. చెయ్యి తడిగా ఉంది.

"మేడం, జర ఇది సూడుండ్రి."

బకెట్‌లో గుడ్డలు పిండి పిండి వచ్చాడు. చిటికెనవేలూ ఉంగరపువేలూ నీళ్ళకు నాని ముడతలు పడ్డాయి, ఎవరికైనా పడినట్టే. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మాత్రం నున్నగా ఉన్నాయి. ఒక్క గీత లేదు. అంగడి బొమ్మకు అతికించిన వేళ్ళలా ఉన్నాయి. ఒకే చెయ్యి, ఒకే నీళ్ళు. ఆ మూడు వేళ్ళకు తాము నీళ్ళలో ఉన్నామని తెలీలేదు.

నా ముందు కాయితం మీద మూడు నరాలు రాసి ఉన్నాయి. ఆ రోజు ఆయన చెప్పిన నరం ఏదో అప్పుడు తెలిసింది. అడగాల్సిన ఒక్క ప్రశ్న, ఏ నరం అన్నా అని, నేను అడగలేదు. తెలుగువాళ్ళం ఎవరమూ అడగం, మనకు మనకు తెలిసిపోతుంది. డాక్టరుకు చెప్పేటప్పుడు మాత్రం ఏదో ఒకటే ఎంచుకోవాలి, ఎంచుకున్నాను. నీళ్ళు తుడుచుకో అన్నా, సబ్బు వల్లేమో అని చెప్పి పంపించేశాను. తెలిసి తెలిసి చెప్పిన అబద్ధం అదే మొదటిది.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత దుఖాన్‌కి ఫోన్ చేసి మా ఆయనకు చెప్పాను. "చూసుకోవాల్సింది డాక్టరు కదా, నీదేం తప్పు" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఒక పూట గడిపాను. శుక్రవారం మధ్యాహ్నం భోంచేసి పడుకున్నాను. బయట ఎండకు వీధి తెల్లగా, మనిషి అలికిడి లేకుండా ఉంది. మెలకువ వచ్చేసరికి పక్కలో ఎవరిదో చెయ్యి ఉంది. బరువుగా, వెచ్చగా, నా ఛాతీ మీద. మా ఆయన బజారుకు వెళ్ళాడని గుర్తొచ్చింది. అరవబోయి రెండో చేత్తో దాన్ని పట్టుకుని తోశాను. అది భుజం దగ్గర నన్నే లాగింది. నా చెయ్యే, ఒంటి కింద పడి తిమ్మిరెక్కింది. నిమిషంలో సర్దుకుంది గానీ ఆ నిమిషంసేపు నా ఒంట్లో నేను కానిది ఒకటి ఉంది. ఆయనకు రెండు నెలలుగా ఆ నిమిషం గడవట్లేదు. మంచం మీద కూర్చుని ఏడ్చాను.

ఆదివారం వెళ్ళేసరికి సూపర్‌వైజర్ ఇంకో కబురు చెప్పాడు. ఈయన పని తప్పించుకోవడానికి నాటకాలాడుతున్నాడని కంపెనీ తేల్చిందట, వచ్చే వారం వాపస్ పంపించేస్తున్నారట. పెద్దావిడతో చెప్పి, ఆ మర్నాడే చేతులు చూసే పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

డాక్టరు ఆయన్ని కళ్ళు మూసుకోమన్నాడు. నేను ఏది తగిలినా చెప్పమని తెలుగులో చెప్పాను. డాక్టరు సన్నని సూది తీసి చూపుడువేలి కొస మీద పొడిచాడు. నడిమివేలి మీద, బొటనవేలి మీద. చిన్న రక్తపు చుక్క లేచింది. ఆయన కళ్ళు మూసుకుని, పెళ్ళి ఫోటోకు కూర్చున్నంత ఒద్దికగా కూర్చుని ఉన్నాడు. కొంచెంసేపటికి నెమ్మదిగా అడిగాడు.

"ఎప్పుడు మొదలువెడ్తరు మేడం?"

డాక్టరు సూది పక్కన పెట్టి నాతో ఇంగ్లీషులో చెప్పాడు. మణికట్టు దగ్గర నర్వ్ తెగింది, రెండు కొసలూ ఇప్పటికి దూరం జరిగి ఉంటాయి, వెంటనే కలిపి ఉంటే తేలిక, ఇప్పుడైనా చేస్తే ఆశ ఉంది, ఇంటికి పంపించి ఆలస్యం చేస్తే ఈ చెయ్యి ఇంతే. మొదటి రోజు తప్పుగా చెప్పింది నేనేనని డాక్టరుతో అన్నాను. డాక్టరు నా వైపు ఒకసారి చూసి, వాళ్ళూ తాకి చూసి ఉండాల్సింది అని, కాయితం మీద ఏదో రాసుకున్నాడు. జగిత్యాల ఆయనకు డాక్టరు మాటలన్నీ తెలుగులో చెప్పాను. ఆ ఒక్కటి తప్ప.

డాక్టరు ఉత్తరంతో ప్రయాణం ఆగింది, జూలైలో ఆపరేషన్ అయింది. కలిపిన చోట నుంచి నరం కొత్తగా పెరుగుతూ వేళ్ళ దాకా వెళ్ళాలట, రోజుకు సన్నబియ్యం గింజ మందం. ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి చర్మం మీద వేలితో తట్టుకుంటూ పోవాలి. నరం కొస ఉన్న చోట జివ్వుమంటుంది.

ఆ తర్వాతి నెలల్ని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆయన తేలిక పనిలో, మా గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చునేవాడు. ఎడమచేత్తో కుడిచేతిని తడుతూ, తల వంచి వింటున్నట్టుగా ఉండేవాడు. దొరికిన చోట బాల్‌పెన్నుతో గీత పెట్టేవాడు. ఆగస్టులో గీత మణికట్టు మీద ఉంది. సెప్టెంబరులో అరచేతి మొదట్లో.

"వస్తాంది మేడం," అనేవాడు నన్ను చూడగానే. ఏం వస్తోందో చెప్పేవాడు కాదు.

వాళ్ళ గదిలో ఇద్దరు మంచాలు మార్చుకున్నారట, ఆయన పక్కన పడుకోలేమని. నేను కూడా ఆ గీత చూడకుండా లోపలికి వెళ్ళాలని చూసేదాన్ని, చూడకుండా ఉండలేకపోయేదాన్ని. ఒంట్లో ఒకటి చీకట్లో ఒక్కటే నడుచుకుంటూ వస్తోంది, దాని ఇల్లు ఎక్కడో దానికి తెలుసో తెలీదో. పెద్దావిడతో ఈ సంగతి అంటే, ఆ కాలపు తత్వవేత్త ఒకాయన, తెలుసుకునేది ఎక్కడో కూర్చున్న ఆత్మ కాదు, నరాల్లో తిరిగే ఆ ఆవిరే తాకుతుంది, ఆ ఆవిరే తెలుసుకుంటుందని వాదించాడని చెప్పింది. అలా అయితే ఆయన చేతిలో నడిచి వస్తున్నది కబురు మోసే దుబాసీ కాదు. కబురు ఎవరిదో వాళ్ళే. ఆ ఆలోచన నాకు నచ్చలేదు. గీత నడిమివేలి మొదటి కణుపు చేరిన రోజు నేను సెలవు పెట్టాను.

ఫిబ్రవరిలో వేళ్ళ కొసలకు తెలివి వచ్చింది. గాలి చల్లగా ఉంది, అందరూ భోజనానికి బయట పచ్చిక మీదికి వెళ్ళారు. పనిగదిలో మేమిద్దరమే ఉన్నాం. రోజూ కళ్ళు మూసుకుని, ఎవరైనా మెత్తగా తాకుతుంటే ఏ వేలో చెప్పి, తర్వాత కళ్ళు తెరిచి సరిచూసుకోవాలని ఆస్పత్రిలో చెప్పారట. నేను పుస్తకాలు దులిపే కుంచె కొత్తది తీసి చూపుడువేలి మీద రాశాను.

ఆయన ముఖం విప్పారింది. "నడిమి ఏలు," అన్నాడు.

బొటనవేలి మీద రాశాను. "సూపుడు ఏలు. మంచిగ తెలుస్తాంది మేడం, మెత్తగ, పిల్లి తోక లెక్క."

ఇలా జరగొచ్చని డాక్టరు ముందే చెప్పాడు. పెరిగిన పోగులు అన్నీ తమ పాత దారి పట్టవు, ఒక వేలికి పోవాల్సింది ఇంకో వేలికి పోతుంది, మెదడు మళ్ళీ నేర్చుకోవాలి. ఆయన కళ్ళు మూసుకుని, నేను ముట్టుకోని వేలి మీద నా కుంచెను హాయిగా అనుభవిస్తున్నాడు. అక్కడ ఏమీ లేదు. సరే అనేద్దామని ఒక్కక్షణం అనిపించింది, ఆ సంతోషం చూసి. ఇక నావల్ల కాలేదు.

"అన్నా, నీకొకటి చెప్పాలి. మొదటి రోజు నువ్వు నరం అంటే నేను డాక్టరుకు తప్పు చెప్పాను. నీ వేళ్ళ మాట అసలు చెప్పనే లేదు. నా వల్లే ఇంత ఆలస్యమైంది."

ఆయన కళ్ళు తెరవలేదు.

"నాకెరుకనే చెల్లె," అన్నాడు. మేడం అనకపోవడం అదే మొదటిసారి. "వెయిన్ అన్నవు గదా ఆ దినం. వెయిన్ అంటె రక్తం తీసేది. వీసా మెడికల్ కాడ శాన సార్లు ఇన్న. నేను జెప్పింది గది గాదు, కరెంటు నరం."

"తెలిసి మరి అప్పుడే ఎందుకు చెప్పలేదన్నా?"

"నువ్వు సదువుకున్నదానివి. గిన్ని పుస్తకాలు జూసినదానివి. నీ మాటెందుకు తప్పయితది? నా చెయ్యే నాకు అబద్ధం చెప్తాంది అనుకున్న."

నేను కుంచె పట్టుకుని కూర్చుండిపోయాను. ఆయన చెయ్యి అలాగే బల్ల మీద చాపి పెట్టి, కానీయమన్నట్టు వేళ్ళు ఆడించాడు. మళ్ళీ చూపుడువేలి మీద రాశాను.

"నడిమి ఏలు. అవునా?"

"కాదన్నా, చూపుడువేలు."

"అట్లనా. అయితె సూపుడు ఏలే," అన్నాడు వెంటనే.

"నా మాట మీద కాదన్నా. కళ్ళు తెరిచి నువ్వే చూడు."

"ఎందుకు చెల్లె," అన్నాడు, కళ్ళు మూసుకునే. "నువ్వు చెప్తున్నవు గదా."